కూరగాయ న్యోకీతో రొయ్యలు: చిక్కంతా నీటి దగ్గరే

గుమ్మడికాయతోనో పాలకూరతోనో ఇంట్లో న్యోకీ (మెత్తటి ముద్దను చిన్న ముక్కలుగా కోసి నీళ్లలో ఉడికించే ఇటలీ వంట) చేసి, రొయ్యలతోనో ఆల్చిప్పలతోనో కలిపి వడ్డించే వంటకం చెడిందంటే తప్పు మసాలాలో వెతకనక్కర్లేదు. న్యోకీ మరిగే నీళ్లలో వేయగానే విడిపోయి ఉంటుంది, లేదా నమిలితే సాగుతుంటుంది. రొయ్యలు వేగకుండా తమలోంచి ఊరిన నీళ్లలోనే ఉడికి ఉంటాయి. సాస్ పళ్లెం అడుగున పలచగా చేరి ఉంటుంది. చూడ్డానికి ఇవి నాలుగు వేర్వేరు తప్పులు. మూలం మాత్రం ఒకటే: ఏ వస్తువులో నీరెంత ఉంది, అది ఎప్పుడు బయటికొస్తుంది అన్న లెక్క కుదరలేదు.

కూరగాయ న్యోకీ ఈమధ్య పుట్టిన సరదా కాదు. బంగాళదుంప దక్షిణ అమెరికా నుంచి యూరప్ చేరిందే 16వ శతాబ్దంలో. అంతకుముందు ఇటలీలో న్యోకీని పిండితో, రొట్టె పొడితో, గోధుమ రవ్వతో చేసేవాళ్లు. రోమ్ పద్ధతిలో ఇప్పటికీ రవ్వను పాలలో ఉడికించి, పళ్లెంలో పరిచి, బిళ్లలుగా కోసి ఓవెన్‌లో కాలుస్తారు. ట్రెంటీనో ప్రాంతంలో మిగిలిపోయిన రొట్టెను పాలకూరతో కలిపి ఉండలు చేస్తారు. లొంబార్డీ, వెనెతో ప్రాంతాల్లో గుమ్మడి న్యోకీ పాత వంటే. అయితే వీటికి అలవాటైన తోడు వెన్న, సేజ్ ఆకు, చీజ్. సముద్రపు సరుకు వచ్చి చేరితే లెక్క మారుతుంది, ఎందుకంటే అది కూడా నీళ్లు వదిలే వస్తువే.

నీరు ఎంత, పట్టి ఉంచేది ఏది

బంగాళదుంప బరువులో సుమారు 79 శాతం నీరే. చిలగడదుంపలో 77 దాకా ఉంటుంది. క్యారట్, బీట్‌రూట్ 88 దరిదాపుల్లో ఉంటాయి. గుమ్మడి, పాలకూర, కాలీఫ్లవర్ 91, 92 శాతానికి చేరతాయి. 79కీ 92కీ పెద్ద తేడా లేనట్టే అనిపిస్తుంది. తిరగేసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. వంద గ్రాముల బంగాళదుంపలో నీరు కాని పదార్థం 21 గ్రాములు, గుమ్మడిలో 8 గ్రాములే. పైగా బంగాళదుంపలోని ఆ 21 గ్రాముల్లో ఎక్కువ భాగం స్టార్చ్. ఉడికేటప్పుడు ఆ స్టార్చే నీటిని పీల్చుకుని ముద్దను పట్టి ఉంచుతుంది. గుమ్మడిలో ఉన్న కొద్దిపాటి పదార్థంలో చక్కెర, పీచే ఎక్కువ. అంటే గుమ్మడికి నీరూ ఎక్కువే, దాన్ని పట్టి ఉంచే శక్తీ తక్కువే.

ఈ లోటును మైదాతో పూడ్చాలని చూడటం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ముద్ద చేతికి అంటుకుంటుంది, ఇంకో గుప్పెడు పిండి పడుతుంది, మళ్లీ అంటుకుంటుంది, మళ్లీ పిండి. చివరికి న్యోకీ విడిపోదు గానీ తింటే పచ్చి పిండి వాసన, రబ్బరు సాగుడు, గుమ్మడి రుచి జాడైనా ఉండదు. కాబట్టి వరస తిరగబడాలి. ముందు నీరు తీసేయాలి, తరువాతే పిండి.

గుమ్మడిని ఉడకబెట్టకూడదు, ఆవిరి మీదా పెట్టకూడదు. గింజలు తీసి పెద్ద ముక్కలుగా కోసి, తొక్కతోనే, నూనె రాయకుండా, రేకు కప్పకుండా 200 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో 45 నుంచి 50 నిమిషాలు కాల్చాలి. అంచులు కాస్త గోధుమరంగు తిరిగితే మంచిదే. గుజ్జు తీసి మెదిపి, వెడల్పాటి మందపాటి పెనంలో పలచగా పరిచి, మధ్యస్థ మంట మీద 8 నుంచి 10 నిమిషాలు కలుపుతూ ఇంకించాలి. గరిటెతో మధ్యలో గీత గీస్తే ఆ గీత మూసుకుపోకుండా నిలవాలి. కంటి అంచనా కంటే తూకం నమ్మకమైంది: 500 గ్రాముల పచ్చి గుజ్జు దాదాపు 250 గ్రాములకు దిగాలి. 350 దగ్గరే ఆపేస్తే మిగిలిన వంద గ్రాముల నీటికి మూల్యం మైదా రూపంలో చెల్లించాల్సిందే.

ఓవెన్ లేకపోతే మూత పెట్టకుండా మైక్రోవేవ్‌లో మగ్గించి, గుజ్జును పలచని బట్టలో మూటకట్టి, ఫ్రిజ్‌లో రాత్రంతా గిన్నె మీద వేలాడదీయవచ్చు. కింద చేరిన రసాన్ని పారబోయనక్కర్లేదు. చిన్న మంట మీద చిక్కబరిస్తే అది సాస్‌లోకి పనికొస్తుంది. కాల్చినప్పుడు వచ్చే రుచి మాత్రం ఈ పద్ధతిలో రాదు.

మిగతా కూరగాయల తీరు వేరు. పాలకూరను మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి, చన్నీళ్లలో వేసి, బట్టలో చుట్టి చుక్క రాలనంతవరకూ పిండాలి. అరకిలో ఆకు పిండాక గుప్పెడు మిగులుతుంది. దాన్ని కత్తితో సన్నగా తరిగి బంగాళదుంపలో కలపాలి, అరకిలో దుంపకు 80 నుంచి 100 గ్రాములు. పచ్చి బఠాణీలో స్టార్చ్, మాంసకృత్తులు రెండూ ఉండడం వల్ల ముద్ద బాగా కుదురుతుంది, తొక్కలు పోయేలా జల్లెడ పట్టడమే శ్రమ. కాలీఫ్లవర్‌తో న్యోకీ చేయవచ్చు గానీ స్టార్చ్ దాదాపు లేని కూర అది. నీటిని ఎంత తీసినా పిండి రుచే మిగులుతుంది కాబట్టి ఆ కష్టానికి ఫలం తక్కువ.

చిలగడదుంపది ఇంకో చిత్రం. అందులో స్టార్చ్‌ను మాల్టోజ్ చక్కెరగా మార్చే ఎంజైమ్ ఉంటుంది. దుంప లోపలి వేడి సుమారు 57 నుంచి 77 డిగ్రీల మధ్య ఎంతసేపు ఉంటే అది అంతసేపు పని చేస్తుంది. నిదానంగా కాల్చిన చిలగడదుంప తియ్యగా, జిగటగా మారేది అందుకే. తినడానికి అది వరమే, న్యోకీకి మాత్రం నష్టం: ముద్దను పట్టి ఉంచాల్సిన స్టార్చ్ చక్కెరైపోతుంది. న్యోకీ కోసమైతే చిలగడదుంపను మైక్రోవేవ్‌లో త్వరగా ఉడికించాలి.

ముద్ద కలపడం

గుమ్మడి ఒక్కదానితోనే న్యోకీ చేయాలన్న పట్టుదల అవసరం లేదు. సగానికి పైగా బంగాళదుంప వేస్తే పిండి బాగా తగ్గుతుంది, గుమ్మడి రుచి నిలుస్తుంది. నలుగురికి సరిపడే కొలత ఇది: కాల్చి తొక్క తీసిన బంగాళదుంప 380 గ్రాములు (పచ్చిగా 500), ఇంకించిన గుమ్మడి గుజ్జు 250 గ్రాములు, మైదా 150 గ్రాములు, చల్లుకోవడానికి మరో 30, గుడ్డు పచ్చసొన ఒకటి, ఉప్పు 6 గ్రాములు, చిటికెడు జాజికాయ పొడి. అంటే పిండి కూరగాయల బరువులో నాలుగో వంతు. బంగాళదుంప లేకుండా గుమ్మడితోనే చేస్తే అదే పిండి 40 శాతం దాకా వెళ్తుంది.

గుడ్డు మొత్తం వేయకపోవడానికి కారణం ఉంది. తెల్లసొనలో 90 శాతం వరకు నీరే. కష్టపడి ఇంకించిన నీటిని మళ్లీ తెచ్చి పోసినట్టవుతుంది. పైగా అది ఉడికాక న్యోకీని బిగిస్తుంది. పచ్చసొన చాలు.

దుంపలు పాతవై, ఉడికితే పొడిపొడిగా విరిగే రకమై ఉండాలి. కొత్త దుంపల్లో నీరెక్కువ, ఉడికాక జిగురుగా ఉంటాయి. వాటిని తొక్కతోనే గుచ్చి, 200 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చాలి. ఉడకబెట్టక తప్పకపోతే కోయకుండా, తొక్క తీయకుండా చన్నీళ్లలో మొదలుపెట్టి ఉడికించాలి. ముక్కలు కోసి ఉడికిస్తే కోసిన ప్రతి ముఖం నుంచీ నీరు లోపలికి పోతుంది.

దుంపను వేడిగా ఉన్నప్పుడే రైసర్‌తో (సన్న చిల్లుల్లోంచి దుంపను నొక్కే పరికరం) నొక్కాలి లేదా జల్లెడలో రుద్దాలి. మిక్సీ పనికిరాదు. ఉడికిన దుంపలో ఉబ్బి ఉన్న స్టార్చ్ రేణువులు కణాల లోపల భద్రంగా ఉంటాయి. బ్లేడు ఆ కణాలను చీల్చేస్తే స్టార్చ్ బయటపడి జిగురవుతుంది, ఆ జిగురును మళ్లీ పొడిగా చేసే ఉపాయం లేదు. గుమ్మడిని మాత్రం మిక్సీ పట్టినా నష్టం లేదు, అందులో జిగురయ్యేంత స్టార్చ్ ఉంటే కదా.

నొక్కిన దుంపను పళ్లెంలో పలచగా పరిచి పది నిమిషాలు వదిలేయాలి. ఆవిరి రూపంలో ఇంకొంత నీరు పోతుంది. చేతికి వెచ్చగా తగిలేంత చల్లారాక గుమ్మడి గుజ్జు, పచ్చసొన, మైదాలో మూడింట రెండు వంతులు వేసి, స్క్రాపర్‌తో మడతలు వేస్తూ నొక్కుతూ కలపాలి. పిసకకూడదు. పిసికేకొద్దీ మైదాలోని గ్లూటెన్ అనే సాగే మాంసకృత్తు అల్లుకుని న్యోకీ సాగుతుంది. పొడి పిండి కనిపించని స్థితి రాగానే ఆపాలి, నిమిషంకన్నా ఎక్కువ పట్టదు. మిగిలిన మైదా అవసరాన్నిబట్టి. చెవి తమ్మెను నొక్కినంత మెత్తగా ఉంటే ముద్ద కుదిరినట్టు. వేలికి కాస్త అంటినా ఫర్వాలేదు, బల్ల మీద చల్లే పిండి ఆ తడిని తీసుకుంటుంది.

ఉప్పు చివర్లో వేయాలి. అది కూరగాయలోంచి నీటిని బయటికి లాగుతుంది. ఉప్పు పడ్డాక పదిహేను, ఇరవై నిమిషాల్లో న్యోకీ కోసేయాలి. గంట నానిన ముద్ద కలిపినప్పటి ముద్ద కాదు, మళ్లీ పిండి అడుగుతుంది.

అన్నీ చుట్టేముందు రెండు న్యోకీలు చేసి మరిగే నీళ్లలో వేసి చూడటం ఎవరూ దాటవేయకూడని పని. అంచులు చెదిరి నీళ్లు మబ్బుగా మారితే 15, 20 గ్రాముల మైదా కలపాలి. గట్టిగా వస్తే పిండిని వెనక్కి తీయలేం, ఇంకించిన గుజ్జు మిగిలి ఉంటే రెండు చెంచాలు కలపడం ఒక్కటే దారి. ఆ కారణంగానే గుజ్జును కాస్త ఎక్కువ చేసుకోవడం మంచిది.

ముద్దను నాలుగు భాగాలు చేసి ఒకటిన్నర సెంటీమీటర్ల మందం తాడులా చుట్టి, అంతే పొడవు ముక్కలు కోయాలి. రొయ్య ముక్క, న్యోకీ ఒకే చెంచాలోకి రావాలి కాబట్టి మామూలు న్యోకీ కన్నా ఇవి చిన్నవైతేనే బాగుంటుంది. ఫోర్కు వెనక మీద దొర్లించి గీతలు పెట్టడం అందానికే కాదు. ఆ గీతల్లో సాస్ నిలుస్తుంది, బొటనవేలు నొక్కిన చోట గుంట పడి మధ్యభాగం పలచనై సమంగా ఉడుకుతుంది. ముద్ద మరీ మెత్తగా ఉండి గీతలు నిలవకపోతే ఆ ప్రయత్నం మానేసి, పైపింగ్ సంచిలో (కొనకు చిల్లున్న గరాటు ఆకారపు సంచి) నింపి నేరుగా నీటి మీదకి పిండుతూ కత్తెరతో కోసేయవచ్చు. ఆకారం మోటుగా వస్తుంది, రుచిలో ఇదే మెరుగు, ఎందుకంటే పిండి తక్కువ పడింది.

నీళ్లలో

నాలుగు లీటర్ల నీళ్లు కావాలి. ఉప్పు లీటరుకు 10 గ్రాములు మామూలు లెక్క. ఆల్చిప్పల రసం సాస్‌లో పడబోతుంటే 6, 7 గ్రాములు చాలు, ఆ రసమే ఉప్పగా ఉంటుంది. నీళ్లు కుతకుతలాడకూడదు, నెమ్మదిగా మరుగుతుండాలి. పెద్ద మరుగులో మెత్తటి న్యోకీ ఒకదానికొకటి కొట్టుకుని అరుగుతుంది. ఒకేసారి పావుకిలోకి మించి వేస్తే నీటి వేడి పడిపోయి, పైపొర బిగిసేలోపే కరగడం మొదలవుతుంది.

లోపలి గాలి వ్యాకోచించి సాంద్రత తగ్గగానే న్యోకీ పైకి తేలుతుంది. తేలగానే తీసేయాలన్న మాట మైదా తక్కువున్న బంగాళదుంప న్యోకీకి సరిపోతుంది. కూరగాయ న్యోకీ తేలాక కూడా 30 నుంచి 60 సెకన్లు ఉండాలి, లేకపోతే మధ్యలో పచ్చి పిండి రుచి తగులుతుంది. తీయడానికి చిల్లుల గరిటె వాడాలి. జల్లెడలోకి ఒంపితే పైనున్న వాటి బరువుకి కిందివి నలిగిపోతాయి. ఈ నీళ్లు ఒక కప్పు దాచుకోవాలి.

రొయ్యలు, వాటి పెంకులు

ఈ వంటకానికి రొయ్యలను తలతో, పెంకుతో కొనడమే లాభం. 600 గ్రాములు వలిస్తే 300 గ్రాముల దాకా మాంసం వస్తుంది, మిగిలినదంతా సాస్‌కి ప్రాణం. గడ్డకట్టినవైతే పైన మంచు పూత ఉంటుంది కాబట్టి కరిగాకే తూకం వేయాలి. కరిగించడానికి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి, తొందరైతే మూసిన సంచితో సహా చన్నీళ్లలో అరగంట.

పచ్చి రొయ్య బూడిదరంగులో, కొన్ని రకాలైతే నీలంగా ఉండి, వేడికి ఎర్రబడటం వెనక ఆస్టాగ్జాంథిన్ అనే వర్ణకం ఉంది. పెంకులో అది ఒక మాంసకృత్తుతో ముడిపడి ఉంటుంది. వేడికి ఆ మాంసకృత్తు విచ్ఛిన్నమై వర్ణకం విడుదలవుతుంది. ఇది నీటిలో కాదు, కొవ్వులో కరుగుతుంది. గుమ్మడి రంగుకి కారణమైన బీటా కెరోటిన్ కూడా అదే కుటుంబంలోది. అందుచేత పెంకులను ముందు నూనెలో వేయించాలి. నేరుగా నీళ్లలో ఉడికిస్తే రంగు, దానితోపాటు కొవ్వులో కరిగే పరిమళాలు పెంకుల్లోనే ఉండిపోతాయి.

రెండు పెద్ద చెంచాల నూనెలో తలలు, పెంకులు నాలుగైదు నిమిషాలు వేయించి, తలలను గరిటెతో నలిపి, ఒక చెంచా టమాటా పేస్టు వేసి నిమిషం తిప్పి, చిన్న ఉల్లిపాయ ముక్కలు, 700 మిల్లీలీటర్ల నీళ్లు పోసి 20 నుంచి 25 నిమిషాలు చిన్న మంట మీద మరిగించాలి. ఇంకా ఎక్కువసేపు ఉంచితే రుచి పెరగదు, మొద్దుబారుతుంది. గట్టిగా నొక్కి వడకట్టి, ఆ రసాన్ని 200 మిల్లీలీటర్లకు ఇంకించాలి. ఇక్కడ కూడా నీరు ముందే పోవాలి. రొయ్యలు, న్యోకీ పడ్డాక సాస్‌ను ఇంకించడమంటే వాటిని పాడుచేయడమే.

వలిచిన 300 గ్రాముల రొయ్యలకు చిన్న చెంచాలో మూడో వంతు ఉప్పు, రెండు చిటికెల వంట సోడా పట్టించి పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే ఉడికాక బిగుసుకుపోకుండా నిండుగా ఉంటాయి. క్షార గుణం వల్ల కండలోని మాంసకృత్తులు తక్కువగా ముడుచుకుని నీటిని పట్టి ఉంచుతాయి. మోతాదు మించితే సబ్బు రుచి వస్తుంది.

తరువాత కాగితపు తువ్వాలుతో పూర్తిగా తడి అద్దేయాలి. ఉపరితలం మీద నీరున్నంతసేపూ దాని వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రగా వేగి కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీలు దాటాలి. బాగా కాలిన మందపాటి పెనంలో ఒక చెంచా నూనె వేసి, రొయ్యలను ఒకదానికొకటి తగలకుండా పరిచి, ఒకవైపు 60 నుంచి 75 సెకన్లు కదపకుండా ఉంచి, తిప్పి 20 సెకన్లకే తీసేయాలి. మధ్యలో ఇంకా కొంచెం పచ్చిగానే ఉంటాయి, ఉండాలి కూడా, మిగతా ఉడుకు సాస్‌లో పూర్తవుతుంది. పెనం ఇరుకైతే రెండు వాయిలుగా వేయించడం తప్ప మార్గం లేదు. రొయ్య అర్ధచంద్రంలా వంగితే సరిగ్గా ఉడికినట్టు, తలా తోకా కలిసేలా చుట్టుకుపోతే మించిపోయినట్టు. థర్మామీటర్ వాడేవారికి అమెరికా ఆహార భద్రత సూచన ప్రకారం చేపలు, రొయ్యల లోపలి వేడి 63 డిగ్రీలు.

మిగతా సముద్రపు సరుకు

ఆల్చిప్పల్లో రకాలైన క్లామ్స్, మసెల్స్ వాడితే ఇసుక పెద్ద తలనొప్పి. లీటరు నీటికి 30 నుంచి 35 గ్రాముల ఉప్పు కలిపి, అంటే సముద్రపు నీటంత ఉప్పగా చేసి, చల్లని చీకటి చోట గంటా రెండు గంటలు ఉంచితే క్లామ్స్ ఇసుక కక్కేస్తాయి. మంచినీళ్లలో పెడితే చచ్చిపోతాయి. పగిలినవీ, తట్టినా మూసుకోనివీ పారేయాలి. వెడల్పాటి గిన్నెలో వెల్లుల్లి, నూనె, కాస్త వైట్ వైన్ వేసి మూతపెట్టి పెద్ద మంట మీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి, తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే తీసేయాలి. తెరుచుకోనివి వాడకపోవడమే క్షేమం. గిన్నెలో మిగిలిన రసాన్ని బట్టలో వడకట్టి పెంకుల రసానికి కలపవచ్చు, అప్పుడు సాస్‌కి వేరే ఉప్పు అక్కర్లేదు.

స్క్విడ్‌కి రెండే సమయాలు: రెండు నిమిషాల లోపు, లేదా అరగంట దాటి. మొదటి గడువు దాటితే కండ బిగుసుకుని రబ్బరవుతుంది. అందులోని కొలాజెన్ కరిగి మళ్లీ మెత్తబడటానికి అరగంట పైనే పడుతుంది. ఈ మధ్యలో దింపితే ఏ సాసూ దాన్ని కాపాడలేదు.

స్కాలప్స్ (గుండ్రటి తెల్లని కండ తినే ఆల్చిప్ప రకం) కొనేటప్పుడు ఫాస్ఫేటు ద్రావణంలో నానబెట్టనివి అడగాలి. నానబెట్టినవి తెల్లగా మెరుస్తూ ఉబ్బి ఉంటాయి, పెనంలో పడగానే ఆ నీళ్లన్నీ వదిలేస్తాయి. కాడ్ లాంటి పొరలు పొరలుగా విడిపోయే చేప ఈ వంటకంలో కలపడానికి కాదు, విడిగా వేయించి పైన పెట్టడానికే బాగుంటుంది. పీత మాంసం ఎలాగూ ఉడికి ఉంటుంది కనుక చివర్లో వెచ్చబడితే చాలు.

చివరి ఎనిమిది నిమిషాలు

న్యోకీ కోసి పిండి చల్లిన పళ్లెంలో సిద్ధంగా ఉండాలి, నీళ్లు మరుగుతుండాలి, ఇంకిన రసం పక్కన ఉండాలి, రొయ్యలు తడి ఆరి ఉండాలి. అప్పుడే పెనం పొయ్యి మీద పెట్టాలి. రొయ్యలు వేయించి తీసేశాక అదే పెనంలో మంట తగ్గించి, రెండు చెంచాల ఆలివ్ నూనె, పలచగా తరిగిన మూడు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు ఎండుమిరప తునకలు వేయాలి. వెల్లుల్లి రంగు మారకముందే 80 మిల్లీలీటర్ల వైట్ వైన్ పోసి దాదాపు ఇంకనివ్వాలి. వైన్ వద్దనుకుంటే ఆ మెట్టు వదిలేసి, చివర్లో నిమ్మరసం ఒక చెంచా పెంచితే పులుపు లోటు తీరుతుంది. పెంకుల రసం పోసి సగానికి తెచ్చేలోపు పక్క పొయ్యి మీద న్యోకీ వాయిలుగా ఉడుకుతుంది.

ఉడికిన న్యోకీ నేరుగా సాస్‌లోకి వెళ్లాలి. మధ్యలో గిన్నెలో ఆగితే ఒకదానికొకటి అతుక్కుంటుంది. గరిటె పెట్టకుండా పెనాన్నే ఊపాలి. దాచిన నీళ్లు రెండు మూడు చెంచాలు పోసి, మంట తీసేసి, 40 గ్రాముల చల్లటి వెన్న ముక్కలు వేసి ఊపుతుంటే సాస్ చిక్కబడి న్యోకీకి పూతలా పడుతుంది. న్యోకీ మీది పిండి నీళ్లలో వదిలిన స్టార్చ్ వెన్నను, రసాన్ని విడిపోకుండా కలిపి ఉంచుతుంది. వెన్న పడ్డాక మళ్లీ మరిగిస్తే ఆ కలయిక తెగి నూనె పైకి తేలుతుంది. అలా తేలినా కంగారక్కర్లేదు, ఒక చెంచా చన్నీళ్లు పోసి మంట లేకుండా గట్టిగా ఊపితే చాలాసార్లు తిరిగి కలుస్తుంది. రొయ్యలను, అవి వదిలిన రసాన్ని ఇప్పుడు వేసి అర నిమిషం ఉంచి, నిమ్మ తొక్క తురుము, ఒక చెంచా నిమ్మరసం, తరిగిన పార్స్లీ చల్లి వెంటనే వడ్డించాలి.

నిమ్మరసం ఇష్టాన్నిబట్టి వేసేది కాదు. గుమ్మడి తీపి, రొయ్య తీపి, వెన్న మూడూ ఒకే వైపు లాగుతాయి. పులుపు లేకపోతే నాలుగో ముద్దకే మొహం మొత్తుతుంది. పాలకూర న్యోకీ అయితే ఆ రసాన్ని పళ్లెంలోనే పిండాలి. ఆమ్లం, వేడి కలిస్తే పత్రహరితం మెగ్నీషియాన్ని కోల్పోయి పచ్చరంగు కాస్తా బురదరంగు అవుతుంది. చీజ్ విషయంలో ఇటలీలో సముద్రపు వంటకాల మీద గట్టి చీజ్ తురమని అలవాటు బలంగా ఉంది. అది శాసనమేమీ కాదు గానీ ఈ వంటకానికి ఆ అలవాటే సరైంది: ఆల్చిప్పల ఉప్పు మీద చీజ్ ఉప్పు పడితే రొయ్య రుచి వెనక్కి పోతుంది.

జోడీల సంగతికొస్తే గుమ్మడికి రొయ్యలు, స్కాలప్స్ బాగా కుదురుతాయి. పాలకూర, బఠాణీ న్యోకీకి క్లామ్స్, పీత. బీట్‌రూట్ న్యోకీ ఫొటోలో అదిరిపోతుంది, పెనంలో మాత్రం తెల్లని సరుకంతటినీ గులాబీరంగు చేసేస్తుంది, దాని మట్టి వాసన రొయ్యల సున్నితమైన రుచిని మింగేస్తుంది. పొగబెట్టిన సాల్మన్ లాంటి ఘాటైన చేప ముక్కలను పైన పెట్టి, పుల్లని క్రీముతో వడ్డిస్తేనే దానికి న్యాయం జరుగుతుంది.

స్కాలప్స్‌తో చేసేటప్పుడు ఇంకో దారి ఉంది. ఉడికిన న్యోకీకి నూనె రాసి, పళ్లెంలో పరిచి చల్లారనిచ్చి, నాన్‌స్టిక్ పెనంలో వెన్నతో ఒకవైపు రెండు మూడు నిమిషాలు ఎర్రగా వేయించడం. ఆ కరకర పొర సాస్‌ను లోపలికి పోనివ్వదు, కాబట్టి వడ్డించడం కాస్త ఆలస్యమైనా న్యోకీ కరగదు. నలుగురికి మించి వండాల్సి వస్తే ఈ పద్ధతే నయం. ఎక్కువమందికి మెత్తటి న్యోకీని ఒకేసారి సాస్‌లో కలపాలంటే ఇంటి పెనం సరిపోదు.

పచ్చి న్యోకీని ఫ్రిజ్‌లో నిల్వ చేయకూడదు, కొన్ని గంటల్లోనే నీరు వదిలి పళ్లేనికి అతుక్కుపోతుంది. ముందు రోజే చేసుకోవాలంటే పిండి చల్లిన పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక సంచిలోకి మార్చాలి. నెల రోజులు బాగుంటుంది. వండేటప్పుడు కరిగించకుండా నేరుగా మరిగే నీళ్లలో వేయాలి, కరిగితే అది న్యోకీగా కాక గుజ్జుగా చేతికొస్తుంది. గడ్డకట్టినవి నీటి వేడిని ఇంకా ఎక్కువగా దించేస్తాయి కనుక వాయికి పావుకిలో కాదు, 150 గ్రాములే వేసి, తేలాక నిమిషంన్నర ఆగాలి.